కార్డ్‌లెస్‌లో లింగన్న

కార్డ్‌లెస్ ఫోను కొన్నప్పట్నుంచి మా ఇంట్లో ప్రశాంతంగా ఫోను మాట్లాడటానికి లేదు. హాల్లోంచి వంటింట్లోకి తిరుగుతూ మాట్లాడొచ్చని కొన్నాం. తిరగటం బాగానే ఉంది. మధ్యలో కింద వాటాలోని ఇంటి ఓనరు నంజప్ప గొంతు దూరుతుంది. ఆయనదీ అదే ఫోను.

షాపువాడిని అడిగాను.

"రెండూ ఒకే ఛానల్ సార్. సెట్టు అడుగున స్విచ్ ఉంటుంది, పక్కకు జరిపితే సరి."

జరపలేదు. ఓనరు ఇంటి సంగతులు ఊరికే వినపడుతుంటే ఎవరు జరుపుతారు? అయినా ఎవరికీ చెప్పలేదు, మా తోడల్లుడికి తప్ప. అదీ ఫోన్లోనే, గొంతు బాగా తగ్గించి.

మర్నాడు సాయంత్రం నంజప్ప తన బావమరిదితో మాట్లాడుతున్నాడు. అవతలి మాట నాకు వినపడదు. ఈయనది మాత్రం గంట కొట్టినట్టు వినపడుతుంది.

"ఏం లింగన్నా, చందాపురలో అందరూ బాగుండారా? నీ కూతురికి ఇల్లు కావాలంటివే. పై వాటా ఖాళీ చేయిద్దామా అని ఉండాదప్పా. ఆయప్ప మంచోడే. ట్యాంకు నిండి కారిపోతున్నా మోటరు ఆపడు, అంతే."

ఇది చెప్పగానే మా ఆవిడ హేమలత మొహం పాలిపోయింది. "రోజూ నీళ్లొచ్చే ఇల్లు బెంగుళూరులో మళ్లీ దొరుకుతుందా? ముందు ఆ మోటరు సంగతి చూడండి."

చూశాను. రెండ్రోజులకి, "బుద్ధి వచ్చినట్టుండాది లింగన్నా. మెట్లు కూడా కడిగితే బంగారమే" అన్నాడు.

కడిగాం. ఆయన మల్లెచెట్టుకి నీళ్లు పోశాం. ఆయన కరెంటు బిల్లుకి నేనే క్యూలో నిలబడ్డాను. "ఇట్లాంటోణ్ణి ఎట్ల పంపించేది లింగన్నా?" అన్న రోజు హేమలత పాయసం చేసింది.

నిన్న లింగన్నే స్వయంగా వచ్చాడు. నేను చీపురుతో మెట్ల మీదే ఉన్నాను. ఎందుకైనా మంచిదని, "మీ ఫోన్ నంబరివ్వండి. మీ అమ్మాయికి మంచి ఇల్లు కనపడితే నేనే చెబుతాను" అన్నాను.

ఆయన నన్నూ చీపురునీ మార్చి మార్చి చూశాడు.

"నా కూతురు ఆనేకల్లో సొంతింట్లో ఉండాది కదప్పా. ఇంక ఫోనంటావా, అర్జీ పెట్టి ఆరేండ్లాయ, మా ఇంటికి ఇంకా రానే లేదు."

ఇవాళ సాయంత్రం నంజప్ప మళ్లీ ఫోనెత్తి, "గేటుకి రంగు పోయింది లింగన్నా" అంటున్నాడు; నేను విన్నట్టా, విననట్టా, మీరే ఎవరైనా చెప్పి పుణ్యం కట్టుకోండి.