పైదాకా

“దిగు! నిన్నే! దిగమంటుంటే!”

హెడ్మాస్టరు అరుపుకి బడి వెనకాల నీళ్ళ ట్యాంకు మీదున్న కాకులన్నీ లేచిపోయాయి. కదలాల్సిన పిల్ల మాత్రం కదల్లేదు. ట్యాంకు స్తంభానికి నిలువుగా బిగించిన ఇనప నిచ్చెన మధ్యలో, మెట్టుని రెండు చేతులా కావలించుకుని బల్లిలా అతుక్కుపోయింది. ఆరో తరగతి పిల్ల.

నిజానికి అంతవరకూ బాగానే ఉంది. ఆ అరుపు విని కిందికి చూసింది. చూశాక కాళ్ళు ఆ పిల్ల మాట వినడం మానేశాయి.

“టీచర్ని పిలవండి” అని సన్నగా వినబడింది పైనుంచి. “లెక్కల టీచర్ని.”

లెక్కల టీచరు చేతిలో సుద్దముక్కతోనే పరుగెత్తుకొచ్చింది.

“చూశారా మీ ఘనకార్యం?” హెడ్మాస్టరు ఆమె మీదికి తిరిగారు. “సొంత ప్రాజెక్టులట! ఎవరి లక్ష్యం వాళ్ళే పెట్టుకోవాలట, ఎవరికి వాళ్ళే సాధించాలట! నిన్న ఒకడు లక్ష్యమంటూ కప్పని క్లాసులోకి తెచ్చాడు. ఇవాళ ఈ పిల్ల! దీనికేమైనా అయితే వాళ్ళమ్మకి మీరే చెప్పుకోండి, నా వల్ల కాదు.”

“ముందు మీరు అరవకండి సార్, భయపడుతుంది.”

“నేను అరుస్తున్నానా?” అని ఆయన అరిచారు.

ఈలోగా డ్రిల్లు మాస్టారు హైజంపు పరుపుని ఈడ్చుకుంటూ వచ్చారు. దాన్ని అటు జరిపి, ఇటు జరిపి, పైకి చూసి, మళ్ళీ అటే జరిపారు. “మేడ మెట్లెక్కడానికే గోడ పట్టుకుని నడిచే పిల్లండీ ఇది. అంత పైకి ఎలా పోయింది? నేనే వెళ్ళేవాణ్ణి గానీ, ఈ మోకాలు...”

ఆయన మోకాలి సంగతి పూర్తికాకముందే పిల్ల కాలి చెప్పు ఒకటి జారి దబ్బున కింద పడింది. పరుపు మీద మాత్రం కాదు.

టీచరు సుద్దముక్క పారేసింది. కొంగు నడుముకి దోపుకుంది. చెప్పులు విడిచి మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

“ఇద్దరి బరువు ఆగుతుందో లేదో మేడమ్!” అన్నారు డ్రిల్లు మాస్టారు. ఆయన మాటకి సాక్ష్యం చెబుతున్నట్టు నిచ్చెన కిర్రుమంది. తుప్పు పొడి రాలి ఆమె కళ్ళల్లో పడింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అలాగే కళ్ళు చికిలించుకుంటూ పైకెక్కింది.

“వచ్చాను తల్లీ. నీ కాళ్ళ కిందే ఉన్నాను. కిందికి చూడకు, నా మాట విను చాలు.”

“చెయ్యి వదిలితే పడిపోతాను టీచర్.”

“చెయ్యి వదలమని ఎవరన్నారు? కాలొక్కటే. కుడికాలు. నేను పట్టుకుని మెట్టు మీద పెడతాను.”

“మీరు పడిపోతే?”

“పడితే డ్రిల్లు మాస్టారి మీద పడతాను. ఆ పరుపుకన్నా ఆయనే మెత్తగా ఉంటారు.”

పైన ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. అది నవ్వో ఏడుపో తెలియలేదు గానీ, కుడికాలు మెల్లగా లేచింది. టీచరు ఆ మడమని పట్టుకుని కింది మెట్టు మీద పెట్టింది. తర్వాత ఎడమకాలు. మళ్ళీ కుడికాలు. ఒకచోట చెమటకి పాదం జారి టీచరు వేళ్ళని నిచ్చెనకేసి నొక్కేసింది. కింద హెడ్మాస్టరు నోరు తెరిచి, అరవొద్దన్న మాట గుర్తొచ్చి, తన నోరు తానే మూసుకున్నారు. టీచరు పళ్ళు బిగపట్టింది. వేళ్ళు మాత్రం తియ్యలేదు.

చివరికి నాలుగు కాళ్ళూ నేల మీదికి వచ్చాయి. టీచరు అక్కడే కూలబడింది. పిల్ల ఆమె ఒళ్ళో తల పెట్టేసింది.

హెడ్మాస్టరుకి ఊపిరితోపాటు కోపమూ తిరిగొచ్చింది. “ఈ క్షణం నుంచి ప్రాజెక్టులు బంద్. రేపు పొద్దున్నకల్లా మీరు సంజాయిషీ రాసివ్వాలి. ఉద్యోగం సంగతి ఆ తర్వాత చూద్దాం.”

“సంజాయిషీకేం సార్, రాస్తాను. కానీ ప్రాజెక్టుల్ని ఆపకండి” అంది టీచరు, కమిలిన వేళ్ళు ఊదుకుంటూ. “ఈ పిల్ల ప్రాజెక్టుకీ నిచ్చెనకీ సంబంధమే లేదు. దీని లక్ష్యం ఎక్కాలు. శ్రద్ధగా నేర్చుకుంటోంది. రోజూ అడుగుతున్నాను, ‘ఇవాళ్టిది అయిందా?’ అని. అయిందనే చెబుతోంది. కావాలంటే మీరే అడగండి.”

హెడ్మాస్టరు పిల్లవైపు వంగారు. “అయితే చెప్పు. పదిహేడో ఎక్కం!”

పిల్ల తెల్లమొహం వేసింది. “నాకు ఎక్కాలు రావు సార్.”

“రావా?” టీచరు నిటారుగా కూర్చుంది. “మరి నీ లక్ష్యం ఏంటని అడిగితే ఆ రోజు నాతో ఏం చెప్పావే?”

“‘ఎక్కాలి టీచర్’ అని చెప్పాను. ఎంతదాకా అన్నారు. పైదాకా అన్నాను. అంత వద్దులే, రోజుకొకటి చొప్పున ఇరవై దాకా చాలని మీరే కదా టీచర్ అన్నారు!”