నూరు మైళ్ల మాట

"ఈ డబ్బాలో వాడి గొంతు వినపడిందా, కొంటా. వినపడలేదా, దీన్నీ నిన్నూ కలిపి మద్రాసు మెయిలు ఎక్కిస్తా!" బల్ల మీద అరచేత్తో చరిచాడు చలమయ్య.

మద్రాసు నుంచి వచ్చిన ఏజెంటు మొహంలో నవ్వు చెక్కుచెదరలేదు. "మీ బావమరిదిగారు నూరు మైళ్ల అవతల నుంచి మాట్లాడతారు సార్. విన్నాకే కొనండి."

బల్ల మీదున్నది ఓడల్లో పెట్టే రేడియో. పాటలూ వార్తలూ దీనికి పట్టవు. మీట నొక్కి మాట్లాడితే అవతల జోడీ డబ్బాలో వినపడాలి, అంతే. దాని తీగ కిటికీలోంచి పోయి మేడ మీద వెదురుగడకు చుట్టుకుంది. జోడీ డబ్బా పట్టుకుని బావమరిది పానకాలు నిన్ననే ఏజెంటు లాంచిలో వాడరేవు నుంచి సముద్రం మీదికి వెళ్లాడు.

సోమవారం చలమయ్య కొత్త పడవ మిరపకాయల బస్తాలతో కొలంబో బయల్దేరుతుంది. అందులో చలమయ్య కూడా వెళుతున్నాడు. ఈత రాదు, నీళ్లంటే భయం. అయినా సరే భార్య రాఘవమ్మ పట్టుబట్టింది. "సొంత మనిషి లేకపోతే సరుకు దక్కుద్దా? మీరే వెళ్లండి. మీరొచ్చేదాకా కొట్టు మా తమ్ముడు చూసుకుంటాడు" అంది. గాలివాన వస్తే నా గోల వినే దిక్కెవరే అంటే, "మంచి రేడియో ఒకటి పెట్టించుకోండి" అంది. పరీక్ష సవ్యంగా జరగాలని మంగళగిరి స్వామికి పానకం పోయించడానికి నిన్ననే రైలు కూడా ఎక్కింది. ఎంత మంచి ఇల్లాలు!

పడవ నడపబోయే సరంగు ఇమాం హుస్సేన్ పక్కనే నిలబడి గడ్డం గోక్కుంటున్నాడు.

"కాకినాడ ఓడల్లో వాడే సెట్టు నేను చూశా చలమయ్యగారూ. బరువెక్కువే గానీ నమ్మకమైంది. అది తెప్పిద్దాం. నెల్లాళ్లు ఆగితే ఏం పోయింది?"

"నెల్లాళ్లు మిరప ధర నీ కోసం ఆగుద్దా?"

అంతలో డబ్బా గరగరలాడింది.

"బావా! బావోయ్! వినపడుతుందా?"

చలమయ్య ఎగిరి లేచాడు. "ఒరే పానకాలూ! ఎక్కడున్నావురా?"

"నడిసముద్రం బావా! నూరు మైళ్లు దాటేశాం. ఎటు చూసినా నీళ్లే! అలలు వినపడుతున్నాయా?"

వినపడకేం! జర్రు జర్రుమంటూ, ఆగకుండా. చలమయ్యకు కళ్లు చెమర్చాయి. అంత దూరాన తుపానులో చిక్కుకున్నా సరే, తను పిలిస్తే ఇంట్లో వినపడుతుందన్నమాట. ప్రాణానికి పూచీ దొరికినట్టే.

"విన్నావా ఇమాం హుస్సేనూ? నీ కాకినాడ సెట్టు నువ్వే పెట్టుకో!"

సరంగు వంగి, చెవి డబ్బా దగ్గర పెట్టాడు.

డబ్బాలో ఫెడేలుమని తుమ్ము. దాని వెనకే ఇంకోటి. ఆ తర్వాత లెక్కే లేదు.

"ఏంట్రా ఆ తుమ్ములు?"

"జలుబు బావా! ఈ గాలి నాకు పడలా... హాఛ్!"

చలమయ్య మొహంలో నవ్వు జారిపోయింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మిరపకాయల మధ్య బతికిన మనిషాయన. జలుబు తుమ్ములు ఒకటి రెండింటితో ఊరుకుంటాయి. ఇలా ఊపిరి తిప్పుకోనివ్వకుండా తరుముకొచ్చేది ఎండుమిరప ఘాటు. వెనకవీధిలోనే తన మిరపకాయల గోడౌను. తన చేత్తో అన్నం పెట్టి పెంచిన పానకాలు! వాడు గోడౌనులో కూర్చుని నూరు మైళ్లంటున్నాడా? ఈ డబ్బాను నమ్ముకుని తను నడిసముద్రంలో మునిగి చావాలా?

మరుక్షణమే గుర్తొచ్చింది. గోడౌనుకు ఒక్కటే తాళంచెవి. అది ఎప్పుడూ రాఘవమ్మ బొడ్లోనే ఉంటుంది. రాఘవమ్మ మంగళగిరిలో ఉంది.

"ఛీ ఛీ, పాడు బుద్ధి!" చలమయ్య చటుక్కున లెంపలేసుకున్నాడు. అనుమానించినందుకు సిగ్గేసింది. కొనుగోలు కాగితం మీద సంతకానికి ఏజెంటు అందించిన కలం తీసుకుని, రెండో చేత్తో మీట నొక్కాడు.

"ఇక వచ్చేయ్ రా పానకాలూ. మీ అక్క రాగానే శొంఠి కషాయం పెట్టిస్తా."

"అట్టాగే బావా... హా... హాఛ్!"

ఈ తుమ్ముకి డబ్బా అదిరింది. పాపం, కుర్రాడి వేలు మీట మీదే బిగుసుకుపోయినట్టుంది. అలల చప్పుడు ఠక్కున ఆగింది. మిరపగింజల చేట నేలకు తగిలినట్టు చిన్న శబ్దం.

ఆ వెంటనే, ఇంట్లో తమ్ముడు తుమ్మినా మొగుడు తుమ్మినా ఊరుకోలేని గొంతు ఒకటి, నూరు మైళ్ల నడిసముద్రంలోంచి ఆప్యాయంగా పలికింది:

"చిరంజీవ, చిరంజీవ!"