కోటలో ఉంచుకున్న పిల్ల

ప్రత్యేక తెలంగాణ ఊరేగింపు నారాయణగూడ చౌరస్తా దాటిందని తెలియగానే వేదవతి పాఠం పొడిగించింది.

“ఇంకో గంట కూర్చో నళినీ. స్కాట్లండు పాఠంలో గిల్బర్ట్ ప్రభువు కుటుంబం మిగిలిపోయింది.”

పక్క గదిలో ఆమె భర్త సూర్యనారాయణమూర్తి పక్షవాతంతో మంచం మీద ఉన్నాడు. అశోక్‌నగర్‌లోని కోస్తావాళ్ళు చాలామంది ఆ వేసవిలో బెజవాడ రైలెక్కేశారు. భర్తను కదిలించకూడదని డాక్టరు చెప్పడం వల్ల వేదవతి ఎక్కలేకపోయింది. ఎక్కలేకపోయింది గనుక ఆలోచించింది. ముప్ఫై ఏళ్ళు చరిత్ర బోధించిన మనిషి ఆలోచన చరిత్రలోకే పోయింది.

చిక్కడపల్లి బాలకిషన్ ఊరేగింపులకు ముందు నడిచే మనిషి. కాలేజీలు మూతపడ్డాయి కదా, మీ అమ్మాయికి ఊరికే చరిత్ర చెబుతానని అతనికి కబురు చేసింది. మర్నాడే నళిని నోటుబుక్కుతో వచ్చింది. స్కాట్లండు ఎక్కడుందో కూడా ఆ పిల్లకు తెలియదు. చదువులు ఆగిపోతే ఇంతేనని వేదవతి సరిపెట్టుకుంది.

“గిల్బర్ట్‌కి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు యుద్ధంలో పోయాడు. రెండోవాడు మఠంలో చేరాడు. మూడోవాడు పాలుతాగే పసివాడు. కోటను కాచే దిక్కు లేదు. అందుకని శత్రువైన పొరుగు ప్రభువు కూతుర్ని, తన భార్య దగ్గర చదువూ మర్యాదా నేర్పిస్తానని తెచ్చి కోటలో ఉంచుకున్నాడు. వాళ్ళలో అది ఆచారమే. ఆ పిల్ల ఉన్నన్నాళ్ళు కోట మీద ఒక్క బాణం పడలేదు.”

“అంటే పిల్లను అడ్డం పెట్టుకున్నడన్నట్టు. మరి తండ్రికి తెల్వదా మేడం?”

“తెలిస్తే ఏ తండ్రయినా పంపుతాడా?”

“మస్తు తెలివిగల్లోడే మీ గిల్బర్టు!” నళిని నవ్వింది.

వేదవతికి నవ్వు రాలేదు.

వీధి చివర అద్దాలు పగిలాయి. తర్వాత ఇంకొంచెం దగ్గరగా. నినాదాలు వచ్చి గేటు దగ్గర ఆగాయి. ఎవరో గొళ్ళెం లాగారు. పక్క గదిలో మంచం కిర్రుమంది.

“గీ ఇల్లు గూడ ఆంధ్రోళ్ళదే!”

“ఆగుండ్రి!” అది బాలకిషన్ గొంతు. “నా బిడ్డ లోపల ఉన్నది. రాయి ఏస్తే దానికే తాకుతది.”

గొణుగుళ్ళు. ఒక తిట్టు. కాసేపటికి చెప్పుల చప్పుడు బాగ్ లింగంపల్లి వైపు మళ్ళింది.

లెక్క తప్పలేదు. ఏ కారణానికి ఏ ఫలితం రావాలో అదే వచ్చింది. అయినా వేదవతి లేచి, నళిని పక్కనున్న కిటికీ మూసింది. వాళ్ళలో ఒక్కడు మాట వినకపోయి ఉంటే, ఈ పిల్ల తల ఏమై ఉండేది?

“రేపట్నుంచి రావద్దమ్మా,” అంది. “నిన్ను పిలిచింది చదువు కోసం కాదు. ఆ మందకు భయపడి పిలిచాను. గిల్బర్ట్ చేసిన పనే నేనూ చేశాను.”

నళిని ముఖంలో కోపం లేదు. నోటుబుక్కు మూసి, మెల్లగా అంది:

“నాది బీఎస్సీ మేడం, అండ్ల చరిత్ర లేదు. ఆంధ్రోళ్ళ ఇల్లు విడిచిపెట్టుండ్రంటే బాపు మాట ఎవ్వరు వినరు గని, నా బిడ్డ లోపల ఉన్నదంటే వింటరని మీ కబురు రాంగనే బాపే నన్ను పంపిండు.”