రెండుప్పుల రాణి

పెళ్లయిన మూడోరోజు ఉప్మాలో మరిచిపోయి రెండుసార్లు ఉప్పు వేశాను. అప్పటినుంచి మా ఆయన సుధీంద్ర నన్ను "రెండుప్పుల రాణీ" అని పిలుస్తాడు. నాకెంత మురిపెమో!

మొన్న ఇంటింటి గోడతెరమీదా వచ్చే సూపర్‌హీరో సీరియల్‌లో కొత్త భాగం వచ్చింది. పాత సినిమాల డైలాగులు వాడుకోవడం దానికి అలవాటే. హీరో ఎగిరొచ్చి హీరోయిన్‌ని "రెండుప్పుల రాణీ" అన్నాడు.

"ఆ పేరు ఇందులోంచే కొట్టేశావా?" అని నిలదీశాను.

"నీమీదొట్టు, నాదే! ఇది వచ్చిందే ఇవాళ కదే!"

ఇద్దరం గోడవైపు అనుమానంగా చూశాం.

ఆ రోజునుంచి మా ఆయన ఆ పేరు నోటితో పలకడం లేదు. నా అరచేతిలో వేలితో రాస్తున్నాడు. ఒకటే చక్కిలిగింతలు!

ఇవాళ మరో భాగం వచ్చింది. హీరో మాట్లాడకుండా హీరోయిన్ అరచేయి అందుకుని వేలితో ఏదో రాశాడు. ఆమె అచ్చం నాలాగే నవ్వింది.