నడుముకు నిలిచే తుపాకి

"నడుముకు అంటిపెట్టుకుని ఉండేది కావాలా, మెడలో గంటలా కట్టుకునేది కావాలా?" అన్నాడు హోలిస్, గాజు బల్ల మీద మోచేతులు ఆనించి.

ఎల్విన్ నవ్వలేదు. చేతిలోని కాగితం సంచి బల్ల మీద పెట్టాడు. పక్కనే నిలబడ్డ అతని భార్య నెల్డా, ఆ సంచి వైపు చూడలేక గాజు కింద వరసగా ఉన్న పిస్తోళ్లను చూస్తూ ఉండిపోయింది. ఆదివారం నుంచి ఆమె ఎవరి ముఖంలోకీ సూటిగా చూడలేదు.

"దీన్ని నువ్వే తీసుకుని వేరేది ఇవ్వు. చొక్కా కింద కనపడకూడదు," అన్నాడు ఎల్విన్.

"ఇదీ కనపడనిదేగా! నీక్కూడా కనపడకుండా పోయింది, అంతే."

ఓక్లహోమాలోని ఆ చిన్న ఊళ్లో తుపాకి కొనాలంటే హోలిస్ కొట్టుకే రావాలి. నేర్చుకోవాలన్నా అతని క్లాసుకే పోవాలి. ఆరాధన వేళ తుపాకులతో తలుపు దగ్గర నిలబడే చర్చి కాపలా జట్టులో ఎల్విన్ ఒకడు; ఆ జట్టుకు పెద్ద కూడా హోలిసే. ఎత్తిపొడుపులు తప్పించుకునే దారి ఎల్విన్‌కు ఏ వైపూ లేదు.

జరిగింది ఊరంతటికీ తెలుసు. ఆదివారం ఆరాధన మొదలవబోతుండగా పాస్టరు ఈ సంచినే పైకెత్తి చూపించాడు. "బాత్రూంలో టిష్యూ పేపరు డబ్బా మీద పిస్తోలు దొరికింది. సండే స్కూలు పిల్లలు వెళ్లకముందే మా ఆవిడ కంటపడింది కాబట్టి బతికిపోయాం. ఎవరిదో వాళ్లు వచ్చి తీసుకోండి," అన్నాడు. నెల్డా తల వంచేసుకుంది. కాపలా వంతు లేక ఆమె పక్కనే కూర్చున్న ఎల్విన్ ఒకసారి ఆమెను చూశాడు. లేచి, అందరి మధ్య నుంచి నడిచి వెళ్లి, "నాదే," అన్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పాస్టరమ్మ మాత్రం నవ్వలేదు. ఏదో అనబోయి మానుకుని, పాటల పుస్తకంలో తల దూర్చేసింది.

ఇంటికి వచ్చేటప్పుడు ట్రక్కులో నెల్డా నోరు తెరవబోతే, ఎల్విన్ రేడియో గట్టిగా పెట్టాడు.

హోలిస్ రెండు పిస్తోళ్లు బయటికి తీశాడు. ఒక్కొక్కదాని గొట్టం మీది స్లైడు వెనక్కి లాగి, లోపల తూటా లేదని చూపించి, అలా తెరిచే ఉంచి బల్ల మీద పెట్టాడు. "ఈ సన్నదానికి ఆరు తూటాలు. జేబురుమాలంత ఉంటుంది గానీ పేలిస్తే చెయ్యి అదిరిపోతుంది. చిటికెనవేలికి పిడి మీద చోటే ఉండదు. ఇది కాస్త లావు, పది పడతాయి. బరువుంటుంది కాబట్టి నెమ్మదిగా తంతుంది."

ఎల్విన్ లావుదాన్ని తీసి నెల్డా చేతికిచ్చాడు. "స్లైడు లాగి చూడు. నీ వేళ్లకు అందుతోందా?"

"మోసేది నువ్వా, ఆవిడా?" అన్నాడు హోలిస్.

"ఇంట్లో ఇద్దరికీ పనికిరావద్దూ!"

నెల్డా లాగింది. సులువుగానే వచ్చింది. అయినా వెంటనే దాన్ని బల్ల మీద పెట్టేసింది. "ఇప్పుడే ఎందుకు ఎల్విన్? కొన్నాళ్లు ఆగుదాం," అంది నేలచూపులు చూస్తూ.

"ఆగితే భయం పట్టుకుంటుంది," అన్నాడతను మెల్లగా.

"ఏది కొన్నా బాత్రూంకి వెళ్లాలిగా!" హోలిస్ గొంతు పెంచాడు. అతనికి అమ్మడం కన్నా పాఠం చెప్పడం ఇష్టం. "కూర్చునేటప్పుడు తుపాకి ఒరలోనే ఉండాలి, ఒర ప్యాంటుకే ఉండాలి. తీసి పక్కన పెట్టావా, లేచేటప్పుడు గుర్తుండదు. క్లాసులో మొదటి రోజే చెప్పాను. మీరిద్దరూ ముందు కుర్చీల్లోనే కూర్చున్నారు. విన్నావా, నిద్రపోయావా?"

"నాదే తప్పు," అన్నాడు ఎల్విన్.

నెల్డాకు తల కొట్టేసినట్టయింది. అక్కడినుంచి పారిపోవాలనిపించింది. ఆ డబ్బాకు అందేంత ఎత్తులో ఉండే చిన్న చేతులు వారం నుంచి ఆమె కళ్ల ముందే ఆడుతున్నాయి.

"ఇది తీసుకుంటాం," అన్నాడు ఎల్విన్ లావుదాన్ని చూపిస్తూ. "ఒర గట్టిది ఇవ్వు."

హోలిస్ ఒర తీయలేదు. గడ్డం గీరుకున్నాడు. "ఇంకో మాట. జట్టువాళ్లందరం కూర్చుని మాట్లాడుకున్నాం. నాకు మాత్రం సరదానా చెప్పు? జట్టు వాకీటాకీ తెచ్చావా?"

ఎల్విన్ కోటు జేబులోంచి వాకీటాకీ తీశాడు. రైల్వే ఉద్యోగం మానేశాక, ఊళ్లో నలుగురూ అతన్ని పలకరించేది ఆ చర్చి తలుపు దగ్గరే. శనివారం సాయంత్రమే దాన్ని చార్జింగు పెట్టి, బూట్లు తుడుచుకుని, మర్నాటి కోసం పెళ్లికొడుకులా కాచుకునేవాడు. ఇప్పుడు దాన్ని చొక్కా అంచుతో ఒకసారి తుడిచి బల్ల మీద పెట్టాడు. అతని చెయ్యి దాన్ని వెంటనే వదలలేదు.

"ఇక నుంచి హాయిగా సిస్టర్ నెల్డా పక్కన కూర్చో," అన్నాడు హోలిస్, కాస్త మెత్తబడి. "ఆవిడ జాగ్రత్తలో పావువంతు నీకు అంటినా చాలు."

"పద, పోదాం." ఎల్విన్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

నెల్డా విడిపించుకుంది. వాకీటాకీని బల్ల మీదే ఎల్విన్ వైపు జరిపింది. ముఖమంతా మండిపోతుండగా తలెత్తి హోలిస్ కళ్లలోకి చూసింది.

"నమ్మకపోతే పాస్టరమ్మని అడుగు హోలిస్," అంది. "ఆ పిస్తోలు దొరికింది ఆడవాళ్ల బాత్రూంలో."