పసుపు కర్రలు

"కర్రలకి కాళ్లొచ్చి మీ వాకిట్లోకి నడిచొచ్చాయా, గేతాన్ గారూ?"

గుమ్మంలో నిలబడ్డ ఓడిల్‌ని గేతాన్ బూషార్ ఎగాదిగా చూశాడు. ఎదురింటి మంత్రసాని. చేతిలో పార, బూట్ల నిండా మంచు. ఆవిడ వేలు చూపిస్తున్న చోట, అతని వాకిలికి రెండు పక్కలా ఆరు ఎర్ర కర్రలు గుచ్చి ఉన్నాయి. వాటి మధ్యనున్న మంచుని ట్రాక్టరు పొద్దున్నే ఎత్తుకుపోయింది. ఓడిల్ వాకిట్లో మాత్రం నడుంలోతు మంచు అలాగే ఉంది.

సాగ్నే ఊళ్లో చలికాలం వస్తోందంటే మంచు తీసేవాళ్లని కుదుర్చుకుని, వాళ్లిచ్చిన గుర్తు కర్రలు వాకిలి అంచుల్లో పాతుకుంటారు. ట్రాక్టరు నడిపేవాళ్లు ఇంటి నంబరు చూడరు, కర్రనే చూస్తారు. నంబరు పలకలెలాగూ మంచు కిందే ఉంటాయి. పనివాళ్లని పెట్టుకునేవాళ్లంటే గేతాన్‌కి వెటకారం. ఒంట్లో సత్తువ లేని జనం అంటాడు. తను పార పట్టి పదేళ్లయిందన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పడు.

"గాలికి కొట్టుకొచ్చి ఉంటాయి," అన్నాడు.

"ఆరు కర్రలూనా? ఇటు మూడు, అటు మూడు, వరసగా?"

"మన ఊరి గాలి పద్ధతి గలది."

ఓడిల్ నవ్వలేదు. ఇది మూడోసారని, ఈ పొద్దున ఒక కాన్పుకి నలభై నిమిషాలు ఆలస్యమైందని, తల్లీబిడ్డా బతికి బయటపడ్డది తన గొప్ప కాదని చెప్పింది. మంత్రసాని వచ్చేదాకా ఆగి పుట్టే పిల్లల్ని తానెక్కడా చూడలేదని గేతాన్ ఓదార్చాడు.

ఆవిడ కర్రలు ఒక్కొక్కటే పీకి చంకన పెట్టుకుంది.

"ఇవి వాళ్లకే తిరిగిచ్చేస్తాను. వేరే ఏర్పాటు చేసుకుంటున్నా. ఈసారి కర్ర మీద చెయ్యి వేశారో, ఇక మీ ఖర్మ."

"కర్రలకి కాపలా పెడతావా, మంత్రసానమ్మా? పెట్టు పెట్టు," అని తలుపు వేసుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం రేడియోలో తుఫాను కబురు వినగానే మాత్రం అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. శనివారం పన్నెండింటిలోగా, గడ్డకట్టిన బే అఖాతం మీద చేపలు పట్టడానికి వేసుకున్న గుడిసెలన్నీ తీసెయ్యాలట. నీటి మీద గట్టిపడ్డ మంచు అప్పుడే పగుళ్లు బారుతోంది. పన్నెండు దాటితే దాని మీదికి ఏ బండినీ దిగనివ్వరు, గుడిసె నీళ్లపాలే. ఇరవై ఏళ్లుగా దేవదారు చెక్క ఏరి తెచ్చి తన చేత్తో కట్టుకున్న గుడిసె అది. పెళ్లాం వదిలేసి పోతానన్న రోజున కూడా అతను అందులోనే కూర్చుని గాలం వేసుకున్నాడు. దాన్ని లాక్కురావాలంటే, మళ్లీ మంచుతో పూడిన వాకిలి దాటి షెడ్డులో ఉన్న ట్రక్కు బయటికి రావాలి.

కిటికీలోంచి ఎదురింటివైపు చూశాడు. ఓడిల్ వాకిట్లో ఒక్క కర్రా లేదు. ఇంటి పక్క ఖాళీ స్థలం అంచున మాత్రం పసుపు కర్రలు నిలబడి ఉన్నాయి. కారు ఇక అక్కడ పెట్టుకుంటుంది కాబోలు అనుకున్నాడు. పిచ్చిది. చోటు మార్చి, రంగు మారిస్తే తనకి కళ్లు కనబడవా?

నాలుగింటికి ఓడిల్ కాన్పు సంచి కారులో పడేసుకుని వెళ్లింది. నాలుగూ పదికి పసుపు కర్రలన్నీ గేతాన్ వాకిట్లో ఉన్నాయి. ఇటు మూడు, అటు మూడు.

శనివారం పొద్దున ఎనిమిదింటికి ట్రక్కు తాళాలు వేలికి తిప్పుకుంటూ తలుపు తీశాడు. వాకిలి లేదు. షెడ్డూ లేదు. వాటి స్థానంలో ఇంటి చూరు దాటి పెరిగిన మంచు కొండ, దాని అంచున గుచ్చుకుని ఆరు పసుపు కర్రలు ఉన్నాయి. ఎదురుగా ఓడిల్ వాకిలి తుడిచిన పళ్లెంలా ఉంది. మెట్ల మీద కూర్చుని ఆవిడ కాఫీ తాగుతోంది.

వీధిలో మంచు తీసే జినెట్, కొండ పక్కన ట్రాక్టరు ఆపి కిందికి దిగింది. పొయ్యాల్సింది ఎక్కడో, తియ్యాల్సింది ఎక్కడో తెలియదా, ఆడదాని చేతికి ట్రాక్టరు ఇస్తే ఇలాగే ఉంటుందని గేతాన్ విరుచుకుపడ్డాడు. అంతా అయ్యేదాకా ఆగి ఆవిడ చేతి తొడుగులు దులుపుకుంది.

"ఎర్ర కర్రలుంటే తీస్తాం. పసుపు కర్రలుంటే పోస్తాం. వీధి మంచంతా తన ఖాళీ స్థలంలో పోసుకోమంది ఓడిల్ గారు. అందుకు బదులు ఆవిడ వాకిలి కర్రల్లేకుండానే తీసిపెడుతున్నాం."

"మరి నా వాకిట్లో ఎందుకు పోశావు?"

"కర్ర ఎక్కడుంటే పని అక్కడ. ఈ చలికాలమంతా మీరు మాతో చేయించుకున్నది అదేగా."

అప్పటికి చుట్టుపక్కల వాళ్లు పారలకి ఆనుకుని నిలబడ్డారు. మంచు ఎత్తడం అందరూ ఆపేశారు.

"ఈ కర్రలు మీవి కావంటే చెప్పండి," అంది జినెట్, జేబులోంచి చిన్న పుస్తకం తీస్తూ. "గంటలో మొత్తం తోడేస్తాను. కాకపోతే ఇవి ఇక్కడికి ఎలా వచ్చాయో రాసి, మీ సంతకం తీసుకోవాలి."

గేతాన్ గడియారం చూసుకున్నాడు. ఎనిమిదీ పావు. గంటలో బయటపడితే గుడిసె దక్కుతుంది. దూరంగా బే వైపునించి మంచు చిట్లిన చప్పుడు వినిపించింది. ఓడిల్ కాఫీ కప్పు దించి అతని నోటివైపే చూస్తోంది. ఆవిడొక్కతే కాదు, వీధి వీధంతా చూస్తోంది.

"నావే," అన్నాడు గేతాన్. "నేనే పాతుకున్నాను."

"మంచిది," అని జినెట్ పుస్తకం జేబులో పెట్టుకుని ట్రాక్టరెక్కింది. "అయితే వెనకవీధి మంచు కూడా ఇక్కడికే తెస్తాను."