కడగని రివాల్వర్

గుడ్డ మూట విప్పగానే కుళ్ళిన కోడిగుడ్డు కంపు గుప్పుమంది.

డెల్బర్ట్ ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

మిస్సోరీలోని ఆ చిన్న ఊళ్ళో తుపాకులు బాగుచేసేది అతనొక్కడే. ఆదివారాలు కౌబాయ్ వేషాలు కట్టి గురి పోటీలు ఆడేవాళ్ళంతా నల్ల తుపాకిమందు కూరి పేల్చే తమ రివాల్వర్లను అతని దగ్గరికే తెస్తారు. నూటయాభై ఏళ్ళ కిందటి వాటిని అచ్చుగుద్దినట్టు ఇప్పుడు చేసిన నకళ్ళవి. మురికివి చాలా చూశాడు కానీ ఇంత దరిద్రాన్ని మాత్రం చూడలేదు.

గుళ్ళు నింపే సిలిండర్ తిరగదు. గొట్టం నిండా మసి గడ్డకట్టింది. మసి అంటకుండా పూసిన గొర్రెకొవ్వు పాచిపోయింది. ఆ పైన తుప్పు. తుపాకిమందు కాల్చిన తుపాకీని ఆ పూటే కడగాలి. గురువు ఎమ్మెట్ దగ్గర అతను నేర్చుకున్న మొదటి పాఠమే అది. ఇదేమో ఏడాదిగా నీళ్ళ మొహం చూసినట్టు లేదు.

తెచ్చినవాడూ దానికి తగ్గట్టే ఉన్నాడు. మాసిన కోటు, పగుళ్ళు పట్టిన చేతులు, ఒంటి నుంచి ఫినాయిలూ మూత్రమూ కలిసిన వాసన. మాట కూడా తడుముకుంటూ నెమ్మదిగా వస్తోంది.

"ఇది నాది కాదండీ. ఇది..."

"మురికి తుపాకీ తెచ్చిన ప్రతివాడూ అదే చెప్తాడు. బావమరిదిదట, పక్కింటాయనదట. సొంతది తెచ్చినవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు."

ఆ మనిషి సర్దుకుని, సాయంత్రానికల్లా కడిగి పెట్టాలనీ, అప్పుడు డెల్బర్ట్ కూడా తనతో ఒకచోటికి రావాలనీ నసిగాడు. తాను ఎవరిళ్ళకీ రానని డెల్బర్ట్ చెప్పేశాడు. ముందు ఇంటికెళ్ళి స్నానం చెయ్యమని కూడా చెప్పాడు.

అతను తల ఊపి వెళ్ళాడు. అతని పేరైనా అడగలేదు డెల్బర్ట్.

చేతులకు తొడుగులు వేసుకుని, తుపాకీని మరిగే సబ్బునీళ్ళలో పడేశాడు. నీళ్ళు నిమిషంలో తారులా మారాయి. పారబోశాడు. మళ్ళీ పోశాడు. బ్రష్షుతో తోముతున్నంతసేపూ ఆ మనిషిని తిడుతూనే ఉన్నాడు. చేసిన మురికిని కడుక్కోలేనివాడు అసలు మనిషేనా అనుకున్నాడు.

నాలుగోసారి నీళ్ళు మార్చాక పిడి చెక్కలు విప్పాడు.

లోపలి ఇనుము మీద అడ్డంగా పెద్ద గీత. కొత్తగా పనిలో చేరిన రోజుల్లో తన చేతిలో స్క్రూడ్రైవర్ జారి పడ్డ గీత అది. దానికి తిన్న చెంపదెబ్బ కూడా గుర్తొచ్చింది.

అది ఎమ్మెట్ రివాల్వర్.

పిల్లల్లేని ఎమ్మెట్ దాన్ని తనకే ఇస్తాడని డెల్బర్ట్ ముప్ఫై ఏళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. దాని మీద అతనికంత ఆశ. ఏడాది కిందట, పోటీ నుంచి ఇంటికొచ్చి తుపాకీ కడక్కముందే ముసలాయనకి పక్షవాతం వచ్చింది. డెల్బర్ట్ ఒక్కసారి చూడబోయాడు. ఆ గదిలోని కంపు భరించలేక రెండు నిమిషాల్లో బయటపడ్డాడు. వచ్చే ఆదివారం వెళ్దాం అనుకుంటూనే ఏడాది గడిపేశాడు.

తన తిట్లన్నీ గురువుకే తగిలాయని ఒక్క క్షణం సిగ్గుపడ్డాడు. మరుక్షణం ఇంకో సంగతి తట్టింది. మంచం మీద కదల్లేని మనిషి తుపాకీ ఆ కంపుగాడి చేతికెలా వచ్చింది?

సాయంత్రం ఆ మనిషి మళ్ళీ వచ్చాడు. డెల్బర్ట్ తుపాకీని సొరుగులో పెట్టి తాళం వేశాడు.

"అది ఎవరిదో నాకు తెలుసు. లేవలేని ముసలివాడి ఇంట్లో దొంగతనం చెయ్యడానికి నీకు చేతులెలా వచ్చాయి?"

అతనికి కోపం రాలేదు.

"తుపాకీ మీ దగ్గరే ఉంచుకోండి. మీరు మాత్రం నాతో రండి. ఆయన మిమ్మల్నే అడుగుతున్నారు. ఈ పూటే రావాలండీ."

"వెళ్తావా, షెరిఫ్‌ని పిలవమంటావా?"

అతను వెళ్ళిపోయాడు. అతను చెయ్యి ఆనించిన బల్లని డెల్బర్ట్ రెండుసార్లు తుడిచాడు. గురువుకి తుపాకీ దక్కించానని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

తెల్లారేసరికి ఫోనొచ్చింది. ఎమ్మెట్ పోయాడు.

డెల్బర్ట్ రివాల్వర్ని కొత్త గుడ్డలో చుట్టుకుని వెళ్ళాడు. ముక్కు మూసుకోవడానికి రుమాలు కూడా తీసుకెళ్ళాడు. గదిలో ఏ కంపూ లేదు. తెల్లటి దుప్పటి మీద ముసలాయన నున్నగా గీసిన గడ్డంతో, దువ్విన తలతో పడుకుని ఉన్నాడు.

గురువు చెల్లెలు ఓపల్ చేతిలో తుపాకీ పెట్టి, దొంగని ఎలా పట్టుకున్నాడో చెప్పాడు డెల్బర్ట్.

ఓపల్ చెయ్యెత్తి అతన్ని ఆపింది.

"లోనీని దొంగన్నావా? జీతమిచ్చి పెట్టుకున్న నర్సులు ముగ్గురు ఆ కంపు పడలేక పారిపోయారు. కట్టెలు దించడానికొచ్చిన లోనీ మా అన్న అరుపులు విని లోపలికొచ్చాడు. ఆ రోజు మొదలు నిన్నటిదాకా ఆయన ఒళ్ళు కడిగి, పక్క మార్చి, అన్నీ తన చేత్తోనే ఎత్తిపోశాడు. రాత్రి ఆఖరి స్నానం కూడా అతనే చేయించి వెళ్ళిపోయాడు. ఎటు వెళ్ళాడో నాకు తెలీదు."

డెల్బర్ట్ రుమాలుని జేబులో కుక్కేశాడు.

ఓపల్ ఆ గుడ్డ మూటని తిరిగి అతని చేతిలోనే పెట్టింది.

"నిన్న పొద్దున మా అన్న దీన్ని లోనీకే ఇచ్చేశాడు నాయనా. 'శిష్యుడుండగా నాకెందుకు? అతనికే ఇచ్చి, మీ దగ్గరికి వెంటబెట్టుకొస్తా' అని మా అన్నతో చెప్పి లోనీ బయల్దేరాడు."